రిజిస్టరులో రాసిన అమావాస్య

మార్చి 4, సోమవారం

సంతకం ఒక్కటే ఇక చాలదట. వాచ్‌మన్ ఎవరైనా సరే, డ్యూటీ దిగే ముందు తను చేసిన పని ఇంగ్లీషులో రిజిస్టరులో రాయాలి. సూపర్‌వైజర్ మంజు వచ్చి చెప్పాడు — "నేనేం చేసేది తాతా, పైనుంచి ఆర్డర్ వచ్చిండాది. వారం టైము. రాయలేనోళ్లు పాసు ఇచ్చేసి ఇంట్లో కూకోవాల."

నా శనక్కాయల చేనులో సోలార్ ప్యానెళ్లు పెట్టి, చుట్టూ కంచె వేశారు. గేటు పెట్టారు. ఆ గేటుకు నన్నే కాపలా పెట్టారు. ఇప్పుడు నాకే పరీక్ష.

జీతం పోతే పోనీ. పాసు పోతే లోపలికి అడుగు పెట్టలేను. నా భార్య అంజినమ్మను పూడ్చింది లోపలే.

మార్చి 5, మంగళవారం

నిన్న రాత్రి కోడలు సుజాత పాత నోటుబుక్కు ఒకటి ఇచ్చింది. ముందు వైపు ఇంగ్లీషు. వెనక వైపు ఈ రోజువారీ రాత. తెలుగు అక్షరాలు మా నాయన దిద్దించినవి — వంకరగా ఉంటే ఉండనీ, చూసేవాళ్లు లేరు.

"అయిపోయిన పనైతే మాట చివర ఇ, డి అని రెండచ్చరాలు తగిలించు మామా. వాక్ — వాక్డ్. చెక్ — చెక్డ్."

"నడిచింది ఎవరో దానికి పట్టదా?"

"పట్టదు. నేను, నువ్వు, వాడు, ఆయమ్మ... అందురికీ అదే."

మన మాట తోక చూస్తే చాలు, నడిచింది ఆడదో మగవాడో తెలుస్తుంది. ఇదేం భాష!

మార్చి 6, బుధవారం

ఓపెన్డ్. క్లోజ్డ్. వాష్డ్. రెండేసి పేజీలు. వేళ్లు పట్టేశాయి. పార పట్టినప్పుడు కూడా ఇంత నొప్పి లేదు.

మార్చి 7, గురువారం

గో అనే మాటకూ ఆ రెండక్షరాలు తగిలించాను. సుజాత చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అది మొండిది మామా, నీ మాదిరే. దాన్ని వదిలెయ్. చెప్పినట్ల వినేవి శానా ఉండాయి, అవి నేర్చుకో."

మొండిదే నాకు నచ్చింది. చెప్పలేదు.

మార్చి 9, శనివారం

రాశాను. రిజిస్టరులో. ఐ వాక్డ్. ఐ చెక్డ్ ఫెన్స్. ఐ క్లోజ్డ్ గేట్.

మంజు రెండుసార్లు చదివాడు. "ఏంది తాతా, దొర మాదిరి రాసినావే! పాసుకు భయం లేదులే ఇంక."

టీ తాగలేదు. నేరుగా ఇంటికి వచ్చి సుజాతకు చెప్పాను. పాసు నిలిచింది.

మార్చి 10, ఆదివారం. అమావాస్య

ప్రతి అమావాస్యలాగే. ప్యానెళ్లు కడిగే కొళాయి నుంచి బిందెడు నీళ్లు. నాలుగో వరసలో అంజినమ్మ సమాధి రాయి — కడిగాను, కుంకుమ పెట్టాను, కర్పూరం వెలిగించాను, టెంకాయ కొట్టాను. ప్యానెల్ నీడ ఆమె మీద పడుతోంది. బతికి ఉన్నప్పుడు చేనులో నీడ ఎక్కడిది.

సాయంత్రం రిజిస్టరులో అన్నీ రాశాను. ఐ వాష్డ్ స్టోన్. ఐ లైటెడ్ కర్పూరం. కర్పూరాన్ని ఇంగ్లీషులో ఏమంటారో తెలియదు, ఆ పేరే పెట్టాను. ఐ ప్రేయ్డ్. ఇంతకుముందు అర పేజీ ఎవరు రాశారు ఆ రిజిస్టరులో?

మార్చి 11, సోమవారం

రిజిస్టరు ఆఫీసుకు పోయింది.

మార్చి 12, మంగళవారం

మంజు ముఖం నల్లబడి ఉంది.

"ఎవురు రాయమన్నార్ తాతా నిన్ను? ఇన్నేండ్లు చూసీ చూడనట్ల ఉంటిని గదా! ప్యానెళ్ల మద్దెన నిప్పు... నువ్వే రాసిచ్చేస్తివి!"

"చేసింది రాయమని నువ్వే గదప్పా చెప్పినావు."

"చేసిందంతా రాయమన్లేదు."

చేసిందాంట్లో ఏది దాచాలో ఎవరూ చెప్పలేదు. దాచడం నాకు రాదు.

మార్చి 13, బుధవారం

సుజాత అన్నం పెట్టి గోడ వైపు తిరిగి కూర్చుంది. "నేను నేర్పించకపోయుంటే..." అంది. నీ తప్పు కాదు అనాలి. తిన్న తట్ట నేనే కడిగి బోర్లించాను.

మార్చి 15, శుక్రవారం

ఆఫీసుకు పిలిచారు. కుర్చీ వేశారు. కూర్చోలేదు. ఆఫీసరు ఇంగ్లీషులో చెప్పాడు, మంజు తెలుగు చేశాడు. ఆ వరసలోకి ఇక పోను అని నా చేత్తో ఇంగ్లీషులో రాసివ్వాలి. రాస్తే పాసు ఉంటుంది. రాయకపోతే మంగళవారం పొద్దున పాసు తీసుకుంటారు.

"చేను ఇచ్చేటప్పుడు రాయి జోలికి రామన్నారు," అన్నాను.

"కాగితం ఉండాదా తాతా?" మంజు మెల్లగా అడిగాడు.

నోటి మాట. అప్పుడు నాకు కాగితం ఎందుకు.

మార్చి 16, శనివారం

"ఇంకా జరగనిదానికి మాట మారదు మామా. ముందర విల్ పెట్టు. వద్దనేదానికి నాట్."

"ఇంత సులువా?"

"రాసేది సులువే," అని సుజాత లేచి లోపలికి వెళ్లింది.

మార్చి 17, ఆదివారం

గేటు దగ్గర కుర్చీ కొంచెం జరిపితే నాలుగో వరస సందులో రాయి అంచు కనబడుతోంది. కుంకుమ ఇంకా చెరగలేదు. రాసిస్తే — రోజూ ఇక్కడి నుంచి చూడొచ్చు, దగ్గరికి పోకూడదు. రాయకపోతే ఈ చూపు కూడా లేదు.

మధ్యాహ్నం లేచి నాలుగో వరస మొదలు దాకా నడిచాను. ఆగాను. వెనక్కి వచ్చాను.

రిజిస్టరులో — ఐ వాక్డ్. అంతే రాశాను.

మార్చి 18, సోమవారం

మంజు మూడుసార్లు అడిగాడు. "రాసిచ్చెయ్ తాతా. దండం పెడతా. నీ కాలు పట్టుకుంటా."

కాగితం జేబులో ఉంది. ఐ. విల్. నాట్. మూడు మాటలు రాశాను. నాలుగోది ఆ మొండిదే, గో — పెన్ను ఆనించాను, సిరా చుక్క పడింది.

రేపు ఎనిమిదింటికి ఆఫీసు జీపు వస్తుంది. దానికి గేటు తీయాల్సింది నేనే.