బొటనవేలి పక్కన మచ్చ

విజయవాడ, వన్ టౌన్

అఫ్సానాకు సలాం. ఇక్కడ అమ్మీ, నేను, మన గాజుల కొట్టు అందరం క్షేమం. బందరులో నువ్వూ, మీ అమ్మగారూ, కడుపులోని మన అల్లరీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

రోజూ ఫోన్లో మాట్లాడుతూనే ఉత్తరమెందుకు రాశావా అనుకున్నాను. చదివాక అర్థమైంది, అది పక్కన మనుషులుండగా అడిగే ప్రశ్న కాదు. గ్రహణం రోజు మామిడికాయ కోయకపోతే బిడ్డ చేతికి ఆరో వేలు వచ్చేది కాదా అని అడిగావు. స్కాన్ రోజు అమ్మీ నీ మీద వేసిన ఆ నింద నీకింకా గుచ్చుకుంటూనే ఉందన్నమాట.

నీ ఉత్తరం రాకముందే నీ స్కాన్ కాగితాలు పట్టుకుని గవర్నర్‌పేటలో జన్యువుల డాక్టరుగారిని కలిశాను. మూడో నెల నిండేలోపే వేళ్ళన్నీ తయారైపోతాయట. గ్రహణం వచ్చింది నీ నాలుగో నెలలో. కాబట్టి మామిడికాయ తప్పేమీ లేదు, పచ్చడిలో ఉప్పు మాత్రం ఎక్కువైంది.

బిడ్డ తయారయ్యేటప్పుడు కణాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటాయట. ఆ కబురు మోసే ఒక ప్రోటీన్ పేరు సోనిక్ హెడ్జ్‌హాగ్. పక్కింటి నాని ఆడే వీడియో గేమ్‌లోని ముళ్లపంది పేరే పెట్టారు, అంత చదువుకున్నవాళ్ళు! ఆ కబురు చిటికెనవేలి వైపు నుంచే రావాలి. మన బిడ్డకు బొటనవేలి వైపు కూడా కాస్త పుట్టి, అక్కడ ఇంకో వేలు మొలిచింది. మెదడు తయారీలో అది తప్పితే ప్రమాదమనీ, పెద్దయ్యాక అదుపు తప్పితే కొన్ని కేన్సర్లు వస్తాయనీ అన్నప్పుడు నీ స్కాన్ కాగితం మళ్ళీ ఆయన ముందుకు తోశాను. మన బిడ్డ మెదడూ ముఖమూ బాగున్నాయని, చేతి దగ్గరి ఈ మార్పుకూ ఆ జబ్బులకూ సంబంధం లేదని చెప్పాకే ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాత ఆయన నా చేతులు చూపించమన్నారు. బొటనవేలి పక్క మచ్చ గురించి అడిగితే, చిన్నప్పుడు కొబ్బరికాయ కొడుతుంటే కత్తి తగిలిందని అమ్మీ నాకు చెప్పిందే, నేను నీకు చెప్పిందే చెప్పాను. ఆయన నమ్మలేదు. ఇంటికొచ్చి అమ్మీని నిలదీశాను.

"నీకూ ఉండేదిరా. ఏడాది నిండకముందే తీయించేశాం. పిల్లనెవరూ ఇవ్వరేమోనని దాచాను" అంది.

నా రక్తపరీక్షలోనూ ఆ వేలు మొలిపించే జన్యువు మార్పు కనిపించింది. వచ్చింది నా నుంచి, అఫ్సానా. తెలిసి వారమైంది. నీ ముందు చిన్నబోతానని ఫోన్లో ఏవేవో మాట్లాడి తప్పించుకున్నాను. నువ్వేమో అక్కడ నిన్ను నువ్వు తిట్టుకుంటున్నావు. నీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను.

శుక్రవారం అమ్మీ కూడా నాతో బందరు వస్తోంది. నీతో తనే మాట్లాడుతుందట. ఆడైనా మగైనా దిష్టి తగలకూడదని కొట్లోంచి బిడ్డకు నల్లగాజులు ఏరింది. పసిపిల్లల సైజు తీసి, మళ్ళీ పెట్టేసి, అంతకంటే పెద్దవి తీసుకుంది. ఎందుకని అడిగాను.

"తొడిగేటప్పుడు ఆ వేలు నొక్కుకుంటుంది కదరా" అంది.

ఇట్లు,
మన బిడ్డకు ఒక వేలు ఎక్కువిచ్చిన నీ భర్త,
జాకీర్