ఐవీ గది తలుపు

యార్క్‌షైర్,
3 డిసెంబరు 1991

అక్కా, నేను బాగానే ఉన్నాను, ఉద్యోగమూ ఉంది, కంగారు పడకు.

విక్టోరియా రాణి నాడు కట్టిన మా పిచ్చాసుపత్రిని శుక్రవారం మూసేశారు. మిగిలిన నలుగురు రోగుల్నీ ఊళ్లో ఓ చిన్న ఇంట్లో ఉంచి, నన్నే నర్సుగా వేశారు. వాళ్లలో ఐవీ అనే ఆవిడ పందొమ్మిదో ఏట లోపలికి వెళ్లి డెబ్బయ్యో ఏట బయటికి వచ్చింది.

నిన్న పొద్దున టీ కాస్తుంటే ఎవరో తలుపు తట్టారు. వీధి తలుపు తీస్తే ఎవరూ లేరు. తడుతున్నది ఐవీ, తన గది లోపలి నుంచి!

"అదేమిటి ఐవీ, పిడి తిప్పితే తెరుచుకుంటుంది కదమ్మా!" అన్నాను.

"తలుపులు తీయడం నీ పని కదా నర్సమ్మా," అంది నెమ్మదిగా.

నిజమే. మా వార్డు తలుపులకి లోపలివైపు పిడి ఉండేది కాదు. ఇరవై ఆరేళ్లు ఆ తాళంచెవులు నా నడుముకే వేలాడాయి.

అమ్మ మోకాలు ఎలా ఉంది? పొగగొట్టం బాగుచేయించావా? క్రిస్మస్‌కి ఐవీని తీసుకొస్తున్నాను, మూతి ముడవకు. వాకిట్లో మా అడుగుల చప్పుడు వినగానే పరిగెత్తుకొచ్చి తలుపు తీసేస్తావు, నాకు తెలుసు. ఈసారి తీయకు. గొళ్లెం మాత్రం తీసి ఉంచు. చలిలో ఎంతసేపు నిలబడ్డా సరే, ఆవిడే తీయాలి.

అమ్మకి ముద్దులు.

నీ చెల్లెలు
బెరిల్