మూడో అరలో అక్క గొంతు

మార్చి 3

అక్క టాబ్లెట్ ఇవాళ మళ్లీ అడిగిందట, కొత్త వెర్షన్ వచ్చింది, ఇప్పుడే ఇన్‌స్టాల్ చేయమంటారా అని. బావ కళ్లజోడు లేకుండా సరే మీద వేలు పెట్టబోయాడట. అక్క తన కుడిచేత్తో ఆయన్ని గిల్లి ఆపిందట. ఫోన్‌లో అదంతా చెప్పి ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అందులో ఉన్నది వెర్షన్ తొమ్మిది. అక్క మాట్లాడే యాప్ తొమ్మిది దాటితే తెరుచుకోదు. ఆ యాప్ చేసినవాళ్లు ఎప్పుడో దుకాణం కట్టేశారు. నరాల జబ్బని తెలిసిన ఏడాది, నాలుక ఇంకా తిరుగుతుండగానే, అక్క రెండు నెలలు కూర్చుని తన గొంతంతా అందులో రికార్డు చేసి పెట్టుకుంది. నీళ్లు కావాలి, నొప్పిగా ఉంది, దిండు సర్దండి లాంటివి డాక్టరు రాసిచ్చిన మాటలు. మిగతావన్నీ సొంత కవిత్వం. బావని తిట్టడానికి ప్రత్యేకంగా ఒక పేజీ ఉంది. నాకోసం ఒక బటన్ ఉంది. నొక్కితే ఏమే మొద్దూ, తిన్నావా అంటుంది.

పుట్టినప్పటి నుంచి నేను అక్కకి మొద్దునే. నా అసలు పేరు బడికి, ఆఫీసుకి, బ్యాంకుకి.

మార్చి 5

చేయకూడని పని చేశాను. హాయిగా ఉంది.

మా ల్యాబ్‌లో కంపెనీ పుట్టినప్పటి నుంచి చేసిన మెషీన్లన్నీ అరల్లో ప్రాణంతో ఉంచుతాం. మొదటి అరలో వీపు ఉబ్బిన కంప్యూటర్లు. రెండో అరలో ఒళ్లో పెట్టుకుంటే తొడలు కాలే లాప్‌టాప్‌లు. మూడో అరలో పాత ఫోన్లు, టాబ్లెట్లు. కొత్త సాఫ్ట్‌వేర్ ఏది రాసినా వీటి మీద ఒకసారి నడిపి చూడాలి. అందుకే వీటి వెర్షన్ మారకుండా, అన్నిటినీ ఒకేచోట నుంచి నడిపే కన్సోల్ నుంచి తాళం వేసి ఉంచుతాం.

అక్క టాబ్లెట్ కూడా మా కంపెనీదే, ఇవాళ ఒక్క పూటకి దాన్ని ల్యాబ్‌కి తెచ్చి, కేబుల్ తగిలించి కన్సోల్‌లో చేర్చేశాను, మూడో అర గ్రూపులో. ఎవరికీ చెప్పలేదు. ఇక అది అప్‌డేట్ ఊసెత్తదు. పనిలో పనిగా బ్యాకప్ కూడా తీశాను. అంత పాత టాబ్లెట్‌కి బ్యాకప్ తీయగలిగేది రెండో అరలోని ఒక ముసలి లాప్‌టాప్ మాత్రమే, కాబట్టి అందులోనే ఉంచాను. ఇంతకంటే భద్రమైన చోటు లోకంలో ఉండదు.

మార్చి 9

అక్కని చూసి వచ్చాను. టాబ్లెట్ నోరు మూసుకుని బుద్ధిగా ఉంది. బావ కాఫీ తెస్తుంటే అక్క తిట్ల పేజీ తీసి, ఏవండీ, ఆ నడకేమిటి, పెళ్లికొడుకులా, అనే బటన్ నొక్కింది. నాలుగేళ్ల కిందటి గొంతు. అందులో నవ్వు కూడా అలాగే ఉంది.

మా కంపెనీ కొత్త ఫోన్ చూపించాను. బటన్ లేదు, కేబుల్ పెట్టడానికి చిల్లు కూడా లేదు. అంతకుముందు కీబోర్డు తీసేశాం, అప్పుడు జనం తిట్టారు, తర్వాత అలవాటు పడ్డారు అని చెప్పాను. రికార్డు చేయని మాటలైతే అక్క ఒక్కో అక్షరం టైప్ చేసి స్క్రీన్ మీద చూపిస్తుంది. చాలాసేపు టైప్ చేసి టాబ్లెట్ నా వైపు తిప్పింది. మీ కంపెనీదీ నా జబ్బేనే, ఏడాదికొకటి తీసేస్తుంది, అని ఉంది. బావ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఏడ్చాను.

ఏప్రిల్ 2

ల్యాబ్‌కి కొత్త కన్సోల్ వచ్చింది. రెండు గంటల ట్రైనింగ్. చివరి వరసలో, ల్యాబ్‌లో నాతో పనిచేసే గుండు పక్కన కూర్చున్నాను (జుట్టు ఊడుతోందని తనే ముందుగా గొరిగేసుకున్నాడు, ఆ పేరు తనే పెట్టుకున్నాడు). అతను నోట్స్ రాసుకున్నాడు. నేను బల్ల కింద అక్కతో చాట్ చేశాను. బావ చొక్కా ఇస్త్రీ చేస్తూ కాలర్ మాడ్చేశాడట. నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాను.

ఏప్రిల్ 16

అక్క ఎడమచేయి పూర్తిగా పడిపోయింది.

మే 7

ల్యాబ్ మూసేస్తున్నారు. పది దాకా ఉన్న వెర్షన్లన్నిటికీ సపోర్ట్ ఆపేశారు. పాత మెషీన్లు ఎలా నడుచుకుంటాయో ఇక సాఫ్ట్‌వేరే నటించి చూపిస్తుందట, అసలువి అక్కర్లేదట. అన్నీ చెరిపేసి, మెషీన్లని పొడి చేసే క్రషర్‌కి పంపాలి. ఇక్కడ అందరికంటే పాతదాన్ని కదా, ఆ గౌరవం నాకే దక్కాలని మేనేజరు అన్నాడు. గౌరవమట.

మే 9, మధ్యాహ్నం

మొదటి రెండు అరలు నిన్ననే చెరిపేశాం. ముసలి లాప్‌టాప్ కూడా పోయింది. బయటికి ఏదీ కాపీ చేయనివ్వరు, రెండుసార్లు అడిగాను. పోతే పోనీ, అసలుది అక్క దగ్గర ఉందిగా అనుకున్నాను.

ఇవాళ మూడో అర. ప్రతిదాన్నీ ఒకసారి ముట్టుకున్నాను. కేబుల్స్ సరిగ్గా తగిలించి ఉన్నాయా అని చూశాను. పదకొండేళ్లుగా కేబుల్ ఉన్నదే చెరుగుతుంది, లేనిది చెరగదు. కన్సోల్‌లో మూడో అర గ్రూపు మొత్తం ఎంచుకున్నాను. ఖాయమేనా అని అడిగింది. ఖాయమే అన్నాను. స్క్రీన్లు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. గుండు ముఖం తిప్పుకున్నాడు. ఏడుపొస్తోందా, టిష్యూ కావాలా అని ఏడిపించాను.

మే 9, సాయంత్రం 6:40

బావ ఫోన్ చేశాడు. అక్క ఏదో చెబుతుంటే టాబ్లెట్ మధ్యలో ఆగి నల్లబడిపోయిందట. ఏవండీ, ఆ ఫ్యాను, అన్నదాకా వినబడిందట.

ఆయన వాక్యం పూర్తి చేయకముందే నాకు అర్థమైపోయింది. గుండుని అడిగాను. కొత్త కన్సోల్‌కి కేబుల్‌తో పనిలేదు, గ్రూపులో ఉన్నది ఎక్కడున్నా నెట్ ద్వారా చెరిపేస్తుంది, ఏప్రిల్ ట్రైనింగ్‌లో మొదటిదే అది చెప్పారు కదా, నువ్వు నా పక్కనే ఉన్నావుగా అన్నాడు.

పక్కనే ఉన్నాను.

మే 10

అక్క ఒళ్లో టాబ్లెట్. తెల్లటి స్క్రీన్ మీద స్వాగతం అని ఉంది. దాని కింద, మీ భాష ఎంచుకోండి.

పాత బ్యాటరీ అక్కా, ఉబ్బిపోయి లోపల కాలిపోయినట్టుంది అన్నాను. అక్క నావైపు చూసింది. తర్వాత నా చెయ్యి నిమిరింది. ఆ నిమరడం భరించలేకపోయాను.

మే 12

ముసలి లాప్‌టాప్‌లో ఏమైనా మిగిలిందేమోనని క్రషర్ దగ్గరికి వెళ్లాను. లోడు శనివారమే అయిపోయిందన్నారు. నేలమీద మిలమిలా మెరుస్తున్న పొడి తప్ప ఏమీ లేదు. చెప్పులకి అంటుకుంది.

మే 20

కొత్త టాబ్లెట్ తీసుకెళ్లాను. వెర్షన్ పన్నెండు. ఏది టైప్ చేస్తే అది చదువుతుంది. మా ఆఫీసు లిఫ్టులో తలుపులు మూసుకుంటున్నాయి అని చెప్పే ఆవిడ గొంతే. దానికి నవ్వడం రాదు, వెక్కిరించడం రాదు, అలసట కూడా రాదు.

అక్క మొట్టమొదట మొద్దు అని టైప్ చేసింది. ఆవిడ ఎంతో మర్యాదగా, వాతావరణ సూచన చదివినట్టు, మొద్దు అంది. అక్క మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే. బావ లేచి వంటింట్లోకి వెళ్లిపోయాడు. అక్క ఆ మాట చెరిపేసి, నీళ్లు అని టైప్ చేసింది.

మే 27

అక్క మాట్లాడటం తగ్గించేసింది. బావని తిట్టడం పూర్తిగా మానేసింది. చొక్కా తిరగేసి వేసుకుని రెండుసార్లు ఆమె ముందు తిరిగానని ఆయన చెప్పాడు. చూసి ఊరుకుందట.

జూన్ 1

గేటు దాకా వచ్చి బావ చెప్పాడు. ఆరోజు స్క్రీన్ నల్లబడి మళ్లీ వెలిగినప్పుడు స్వాగతానికి ముందు ఒక వాక్యం వచ్చిందట. ఈ పరికరాన్ని టెస్ట్ ల్యాబ్, మూడో అర నుంచి చెరిపేశారు, అని. ఆయనకి అర్థం కాలేదు. అక్కకి అయింది. మర్నాడు నేను బ్యాటరీ కథ చెప్పి వెళ్లాక, ఆయన నిలదీస్తానంటే ఆయన ఫోన్ లాక్కుని టైప్ చేసిందట. బ్యాటరీ అంటోంది కదా, అననీయండి.

మూడు వారాలుగా నేను అబద్ధమాడుతుంటే అక్క నా చెయ్యి నిమురుతూ కూర్చుంది. నేను మనిషినేనా?

జూన్ 2

చెప్పేశాను. అంతా. బల్ల కింద చాట్‌తో సహా.

అక్క ఒక్క వేలితో చాలాసేపు టైప్ చేసింది. మొత్తం చెరిపేసింది. మళ్లీ ఒకే ఒక మాట టైప్ చేసి నొక్కింది.

గదిలో ఎవరో ఆవిడ నా అసలు పేరు పెట్టి పిలిచింది. బయటి నుంచి ఎవరో వచ్చారనుకుని తలుపు వైపు చూశాను.