జేబులో మిగిలిన మాత్ర

మంగళవారం, రాత్రి

హెచ్‌ఐవీ మాత్ర మింగగానే తమ్ముడు నాకు మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఎయిర్‌పోర్టులో క్యాబ్ ఎక్కడ నిలిపినా సరే, అది మా ఒప్పందం. ఇవాళా ఇచ్చాడు. నేను నిశ్చింతగా వంట చేసుకున్నాను. వాడు ఇంటికొచ్చాక చొక్కా ఉతకబోతే, జేబులో మాత్ర అలాగే ఉంది.

"ఇదేందిరా?"

"ఏస్కున్న అక్కా! నీళ్లు తాగిన, నీకు మిస్డ్ కాల్ గూడ ఇచ్చిన. నన్ను దొంగను జేస్తున్నవా?"

గ్లాసు గోడకేసి కొట్టాడు. కాసేపటికి వాడే వచ్చి మాత్ర మింగి, నేల తుడిచాడు.

వాడు మత్తు సూదులు మానేసి ఏడాది దాటింది. కానీ ఆ సూదులూ, వాటితోనే ఒంట్లోకొచ్చిన వైరస్సూ కలిస్తే మెదడు దెబ్బతినొచ్చని, మతిమరుపూ కోపమూ పెరగొచ్చని దవాఖానలో డాక్టరమ్మ ముందే చెప్పింది. రేపు పొద్దున్నే అత్తాపూర్ నుంచి ట్రిప్పు ఉందట. కారు తాళంచెవి నా దిండు కింద పెట్టుకున్నాను.

సూదుల రోజుల్లో ఎన్ని అబద్ధాలాడాడో! ఇదీ అబద్ధమే అయితే బాగుండు. అబద్ధాన్నయితే మాన్పించగలను.

కానీ అబద్ధమాడేటప్పుడు వాడెప్పుడూ నేల చూస్తాడు. ఇవాళ నా కళ్లలోకే చూసి చెప్పాడు.