ఎద్దు మోసిన రాయో, చేను కన్న రాయో

ఖమ్మం జిల్లా ములకలపల్లి మండలంలోని మా తండాలో పుట్టి, ప్రస్తుతం ఖమ్మంలో నివసిస్తున్న, కీర్తిశేషులు బానోతు బిచ్యా కుమార్తె, భూగర్భశాస్త్ర అధ్యాపకురాలు, నలభై ఆరేళ్ళ బానోతు హేమలత అను నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వహస్తాలతో రాసుకుంటున్న వీలునామా ఇది. వచ్చే వారం హైదరాబాదులో నాకు గుండె ఆపరేషన్. బుద్ధి స్థిరంగానే ఉంది. ఒక రాయి విషయంలో తప్ప.

1. కాబట్టి ముందుగా ఆ రాయి. ఆల్చిప్పలు, నత్తగుల్లలు ముద్దకట్టి గట్టిపడిన సున్నపురాయి. ఒక మనిషి రెండు చేతులా ఎత్తగలిగినంత ఉంటుంది. నేను పుట్టకముందు నుంచీ మా గడప పక్కన ఉంది. చేనులో దొరికిందని నాన్న అనేవాడు. ఆ ఒక్క మాట పట్టుకొని, మా చేను కింద గుల్లరాతి పొర ఉందనీ, ఒకనాడు ఇక్కడ ఉప్పునీరు నిలిచిందనీ ఇరవై రెండేళ్ళ కిందట వ్యాసం రాశాను. అది అచ్చయింది. నా ఉద్యోగం దాని చలవే. పొరను మాత్రం నేను కళ్ళతో చూడలేదు.

2. మేనత్త సోమ్లికి నా ఉన్ని శాలువా, రేడియో. పోయిన తీజ్ పండుగనాడు ఆమె తేలిగ్గా అనేసింది: “అది మన చేనుది కాదు బిడ్డా. ఎద్దు మీదొచ్చింది. మా తాతలు సముద్రం కాడికి పోయి ఉప్పు తెచ్చేటోళ్ళు. ఒక దిక్కు బస్తా, రెండో దిక్కు తూకానికి రాయి కట్టేటోళ్ళు. గదే ఇది.” వారం తర్వాత మళ్ళీ అడిగితే, “ఏమో, గది వేరే రాయేమో. నాకేం యాదికుంటది? సదువుకున్నదానివి, నువ్వే చెప్పు” అంది. ఆమె మీద కోపం లేదు.

3. పోయిన నెల ఆ రాయిని మొదటిసారి తిరగేశాను. నడుము చుట్టూ వేలు పట్టేంత గాడి ఉంది. పైవైపు గాడిని నా వ్యాసంలో నీటి కోత అని రాసి ఉన్నాను. నీరు అడుగున కూడా చుట్టి కోస్తుందా? తాడు ఒరిపిడి కావచ్చు. వాగులో దొర్లిన గుర్తు కావచ్చు. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పినదానికి, రాయిని తిప్పి చూడాలని ఎందుకు తోచలేదో. ఈ రాయి, నా భూతద్దం మా తమ్ముడు కోటేష్ కూతురు, నా మేనకోడలు కళ్యాణికి. రాయికి అంటించిన చీటీ మీద ‘దొరికిన చోటు’ ఖాళీగా వదిలాను. తేలితే నింపమ్మా. తేలకపోతే ఖాళీగానే ఉండనీ.

4. రూప్‌సింగ్ బాబాయికి ఏమీ లేదు. ఆ రాయి మూల పగలగొట్టి, కాల్చి, తమలపాకుకు రాసుకొని “నోరు మంచిగ పండింది పోరీ” అన్నాడు. నా వ్యాసమే నిజమైతే, ఆరుకోట్ల ఏళ్ళ నత్తలను నమిలి ఉమ్మేశాడు.

5. ఇక నేల. తమ్ముడు కోటేష్ నా వ్యాసాన్ని నమ్మాడు. సున్నపు బట్టీ పెడతానని ఏడు ఎండాకాలాలుగా తన రెండెకరాల్లో గుంతలు తవ్వుతున్నాడు. పదకొండు గుంతలు, అన్నిట్లో ఇసుకరాయే. ఆపబోతే, “అచ్చులో ఉంది గద అక్కా, అచ్చయినంక అబద్ధమైతదా?” అంటాడు. అతని భార్య ద్వాలి నా మొహం మీదే అంది: “వదినే, నీ సముద్రం మా మిరపచేను మింగింది. ఇంకా దాని కడుపు నిండలే.” ఈ ఎండాకాలం నా ఎకరంలోకి పొక్లెయిన్ దింపుతాడట. మాకు మిగిలిన మంచి మట్టి అదొక్కటే.

ఆ ఎకరాన్ని, తవ్వకూడదన్న షరతుతో, మొదట కోటేష్‌కే రాశాను. కొట్టేశాను. పొర నిజంగా ఉంటే? పన్నెండో గుంతలో తగిలితే? మళ్ళీ రాశాను, మళ్ళీ కొట్టేశాను. ఇది చివరిది: ఎకరం ద్వాలికి, సర్వహక్కులతో. రాయి ఎక్కడిదో నాకు తెలియదు. ఆ నేలలో మిరప పండటం మాత్రం చూశాను.

6. దీన్ని అమలు జరిపే బాధ్యత నా సహోద్యోగిని శోభారాణిది. అయితే వీలునామా నేను పోయాకే పనిచేస్తుంది. బతికొస్తే ఈ కాగితం బీరువాలో ఉంటుంది, పొక్లెయిన్ చేనులో ఉంటుంది. చావు చాటున దాక్కొని తమ్ముడి ముందు తప్పు ఒప్పుకుందామనుకున్నానేమో. అందుకే సీలు వేయడం లేదు. కోటేష్‌ను పిలిపించాను. “ఇంటివాళ్ళు సాక్షులైతే రేపు గొడవమ్మా” అని వకీలుగారు వారించారు కనుక, బయటివాళ్ళ సంతకాలు రెండు తీసుకొని, మూడోది అతనితో చేయిస్తున్నాను.

ఖమ్మం, 18 ఫిబ్రవరి 2006
(సంతకం) బానోతు హేమలత

సాక్షులు:
1. శోభారాణి, రసాయనశాస్త్ర అధ్యాపకురాలు
2. మంగయ్య, కాలేజీ ల్యాబ్ అటెండర్
3. బానోతు కోటేష్, తమ్ముడు. సంతకం కింద అతని చేతిరాత: “మొత్తం చదివిన. పొక్లెయినోనికి రావద్దని ఫోన్ చేసిన. గుంతలు ఎట్ల పూడ్చాల్నో అక్క బతికొచ్చి చెప్పాలె.”