చెకుముకి తుపాకీకి నూనె

ఉనైజా, సౌదీ అరేబియా, శుక్రవారం రాత్రి

రాజం గాణ్ణి ఈ జన్మలో క్షమించను. ఖర్జూరం తోటలో మోటార్లకు నూనె పెట్టే అలవాటు కొద్దీ, మమ్మల్ని పనిలో పెట్టుకున్న కఫీల్ తాతల నాటి చెకుముకి తుపాకీకి కూడా పట్టించాడు. రాయి తగిలి నిప్పురవ్వలు రాల్చాల్సిన ఉక్కురేకు జిడ్డుగా ఉంటే రవ్వ పుట్టదని నిన్ననే చెప్పాను. "నువ్వు పుస్తకంల చదివినవ్ కాకా. నేను ఇరవై ఏండ్లు మిషిన్ల మీద బతికిన. నూనె లేని ఇనుము ఇనుమే గాదు" అన్నాడు.

పండగనాడు తుపాకీ ఎవరు పేల్చాలో కఫీల్ ఇవాళ తేలుస్తానన్నాడు. ముప్పై ఏళ్లలో పైపులు బిగించడం కాక అతను నన్ను అడిగిన పని ఇలా పేల్చి చూపమనడం ఒక్కటే. మందు దట్టించి, గుండు దింపి, అతని అన్నదమ్ములందరి ముందు మూడుసార్లు మీట నొక్కాను. మూడుసార్లూ టిక్కుమంది. "ముసలాయనకు చేతగాదు బాబా" అని రాజం కఫీల్‌తో అరబీలో గట్టిగా అన్నాడు. అందరూ నవ్వారు.

తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి రేకు తుడిచాను. ఈసారి పేలింది. కంటి ముందే మంట లేచేసరికి కళ్లు మూసుకున్నాను. మూయకూడదని నేను చదివిన ప్రతి పుస్తకంలోనూ ఉంది. గుండు గురిగా పెట్టిన డబ్బాకు మూరెడు దూరంలో ఇసుకలో దిగింది.

కఫీల్ తుపాకీని రాజం చేతికిచ్చి, పండక్కి నువ్వే అన్నాడు.

వాడు వెంటనే జేబులోంచి నూనెగుడ్డ తీసి, ఆ రేకునే మొదట రుద్దాడు. పక్కనే నిలబడి చూశాను. ఏమీ అనలేదు. పండగ దాకా అనను కూడా.