సొంతవాళ్ళు లెక్కలోకి రారు

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీర్వదించి రాయునది.

కూతుర్ని, మన పిచ్చుకను, ఆ సిస్టర్ల బడి హాస్టల్లో చేర్పించిన రోజున మీ అన్నయ్య గేటు దగ్గర నా రెండు చేతులూ పట్టుకుని, "ప్రతి ఆదివారం దాన్ని నీ దగ్గరికి పంపిస్తాను నాన్నా, నడిచొచ్చే దూరమే కదా" అన్నాడు. అప్పుడది నాలుగో క్లాసు. ఇప్పుడు బడిలో ఆఖరి సంవత్సరం. ఆ ఆదివారం ఇంకా రాలేదు. ఏ పెళ్ళిలోనో కనబడితే చూడటం, హాస్టల్ నుంచి అది రాసే ఉత్తరాలు చదువుకోవడం, అంతే. ఇక్కడ అందరం క్షేమమని రాయాలి గానీ, అందరం అనేంతమంది లేము. ఉన్న ఒక్కణ్ణీ ఈ పూటకు క్షేమమే. నువ్వూ అల్లుడుగారూ బాగున్నారని తలుస్తాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. మోకాలు అలాగే ఉంది. మెట్లు ఎక్కగలను, దిగలేను. దిగకుండా ఎక్కే ఉపాయం దొరకలేదు కాబట్టి పైనే ఉంటున్నాను. చెవికి పెట్టుకునే మిషన్లో పక్కింటి మిక్సీ తప్ప మరేదీ వినపడదు. ఎదురుగా కూర్చున్నవాళ్ళ మాట పెదవులు చూసి పట్టుకుంటాను గానీ ఫోనులో పెదవులు కనపడవు కదా, అందుకే ఈ ఉత్తరం. పుస్తకాలు అమ్మేయమన్నావు. ఒకడొచ్చి తూకానికి అడిగాడు, తలుపేశాను. మీ వదిన పలకరిస్తోందా అన్నావు. నా పుస్తకాల దుమ్ము పడదని ఈ గడప తొక్కని మనిషి, మొగుణ్ణి కొంగున ముడేసుకున్న మనిషి, నన్నెందుకు పలకరిస్తుంది? ఆవిడ సంగతి వదిలెయ్.

పిచ్చుక వస్తోందా అని ఆఖర్న అడిగావు. వస్తోంది, ప్రతి శనివారం వస్తోంది. నీకు చెప్పాల్సింది అదే. కాస్త కూర్చుని చదువు.

ఆ బడిలో ఆఖరి ఏడాది పిల్లలు ఇన్ని గంటలని సేవ చేసి చూపించాలి. లేకపోతే సర్టిఫికెట్ చేతికివ్వరు. ఒంటరి ముసలివాళ్ళ ఇళ్ళకు పోయి పేపరు చదివి పెట్టడం, మందులు తెచ్చివ్వడం లాంటివన్నమాట. సొంతవాళ్ళకు చేసింది మాత్రం లెక్కలోకి రాదు. అది సేవ కాదట, బాధ్యతట. ఎంత చక్కటి మాట! బాధ్యతకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు కాబట్టే దాని జోలికి ఎవరూ పోవడం లేదు.

కాబట్టి పిచ్చుక నన్ను ఎవరో ముసలాయనగా చెప్పుకుని వస్తోంది. మొదటి శనివారం కొత్త సిస్టర్ వెంటబెట్టుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడి "నమస్కారం తాతగారూ" అంది మన పిచ్చుక. దారిన పోయే ముసలాణ్ణి కూడా తాతా అనే భాష మనది. సిస్టర్‌కు అనుమానం ఎందుకొస్తుంది?

"మీకెవరూ లేరా తాతగారూ?" అంది సిస్టర్.

"ఎవరూ లేరమ్మా" అన్నాను. అనడం ఎంత సులువుగా ఉందో!

వచ్చిందెవరో చూద్దామని ఎక్కివచ్చిన ఇంటాయన కూడా అందుకున్నాడు. "నేనీ ఇల్లు కొన్నప్పట్నుంచీ ఈయన కోసం ఒక్క పురుగు రాలేదు సిస్టర్." పాపం, అబద్ధమాడలేదు.

మొదట్లో సరదాగానే ఉండేది. సిస్టర్ మెట్లు దిగగానే పిచ్చుక మంచమ్మీద వాలిపోయేది. "నవ్వాపుకోలేక చచ్చాను తాతయ్యా! ఆ కళ్ళు తుడుచుకోవడం ఎందుకు, మరీ ఓవర్ చేశావు."

"నిజంగానే నీళ్ళొచ్చాయే" అనేవాణ్ణి.

రానురాను నవ్వడం మానేసింది. ఒక శనివారం, ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం, "టీ పెట్టమంటారా తాతగారూ?" అంది. "ఎవరున్నారే ఇక్కడ?" అన్నాను. "అలవాటు తప్పితే సిస్టర్ ముందు నోరు జారుతుంది" అంటూ గ్లాసు నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది. బడిలో నా గురించి ప్రసంగం చేసిందట. దిక్కులేని నా బతుకు విని హాలంతా ఏడ్చిందట.

ఆ ఏడుపే కొంప ముంచింది. సిస్టర్ మనసు కరిగి, ఊరి చివర వాళ్ళ ఆశ్రమంలో నాకు చోటు చూసింది. నా అన్నవాళ్ళు లేనివాళ్ళకే అక్కడ ప్రవేశం. పొడవాటి హాలు, వరసగా మంచాలు, ఒక్కొక్కరికి ఒక పెట్టె. "ఎంతమంది ఎదురుచూస్తున్నారో తెలుసా? మీ అదృష్టం" అని నా భుజం నిమిరింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. మర్నాడే ఇంటాయన వడ్రంగిని తీసుకొచ్చాడు. నేను మంచమ్మీద పడుకుని ఉండగానే నా మీదుగా టేపు లాగి గది కొలిచారు. "కాళ్ళు కాస్త ముడుచుకోండి పెద్దాయనా" అన్నాడు వడ్రంగి.

పోయిన శనివారం, ఆశ్రమంలో చేర్చే ముందు పరీక్ష చేయించాలని సిస్టర్ డాక్టరును వెంట తెచ్చింది. ఇక దాచి లాభం లేదని, "ఈ పిల్ల నా సొంత మనవరాలు. నా కొడుకు కూతురు" అని చెప్పేశాను.

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అందరూ అలాగే అంటారు తాతగారూ" అంది సిస్టర్ మెత్తగా. "వారం వారం వచ్చే పిల్లల మీద మమకారం పెరగదా మరి?"

"మా ఇంటిపేరు చూడండి!"

"నాదీ అదే ఇంటిపేరు. ఈ ఊళ్ళో సగం మందిది అదే" అని నవ్వాడు డాక్టరు. "అయితే నేనూ మీ మనవణ్ణేనా?"

చంటిపిల్లగా పిచ్చుక నా ఒళ్ళో ఉన్న ఫోటో తీసి ఇచ్చాను. "ఎవరి పాపో, ఎంత ముద్దుగా ఉందో!" అని సిస్టర్ దాన్ని నా పెట్టెలో సర్దింది. నేను కేకలేశాను, పిచ్చుకనే అడగమన్నాను.

"ఏమ్మా, ఈయన మీ తాతగారా?"

పిచ్చుక ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత సిస్టర్ వైపు తిరిగి, "తాతగారే కదా సిస్టర్" అంది. సిస్టర్ దాని బుగ్గ పుణికింది. డాక్టరు ఏదో రాసుకున్నాడు.

నిజం చెప్పినవాణ్ణి మతి తప్పినవాడిగా జమకట్టే కథలు నేనెన్ని చదవలేదు! రాసినవాడు అతి చేశాడని మార్జిన్లో పెన్సిలుతో గీసేవాణ్ణి. ఆ గీతలన్నీ చెరపాలి.

దాన్ని తిట్టుకుంటున్నావు కదూ? ఆగు. ఇందాకటి నుంచీ చెప్పలేక దాటేస్తున్నాను. ఈ ఎత్తు నాది. "నీ దగ్గరికే రావాలని ఉంది తాతయ్యా, కానీ సొంతవాళ్ళు లెక్కలోకి రారట" అని అది ఉత్తరం రాస్తే, సొంతవాణ్ణి కానని చెప్పమని జవాబిచ్చాను. "అబద్ధం కదా" అని భయపడుతూ మళ్ళీ రాసింది. తాతగారూ అనే పిలువు, అందులో అబద్ధమెక్కడుంది అన్నాను. ఆ పిల్ల నోట విన్నది నేను నేర్పిన మాటే. ఎలాగైనా సరే, వారానికొక పూట అది నా ఎదురుగా కూర్చోవాలనిపించింది.

రెండు రోజుల తర్వాత సిస్టర్ ఒక్కతే వచ్చింది. "మీ మాట కొట్టిపారేయడం ఎందుకని వాళ్ళింటికి ఫోను కూడా చేశాను. ఆ పిల్ల తాతగారు ఎప్పుడో పోయారట. నిద్రలోనే, ఏ బాధా లేకుండా" అంది. ఎవరు చెప్పారని అడిగాను. చెప్పింది. మళ్ళీ అడిగాను. పెదవులు సరిగ్గా చూడలేదేమోనని మూడోసారీ అడిగాను.

వచ్చే నెల మొదటి సోమవారం వ్యాను వస్తుంది. నీ స్కూలు సర్టిఫికెట్లో తండ్రి పేరుంటుంది, అది పట్టుకుని నువ్వొస్తే నన్ను ఆపగలవు. కానీ పిచ్చుక మోసం బయటపడి దాని చదువు ఆగుతుంది. రాకపోతే నేను వెళ్ళిపోతాను. ఏది మేలో నన్నడక్కు. ముసలాణ్ణి, నా వైపే చెబుతాను.

పోస్టు డబ్బా దాకా నేను పోలేను. ఇంటాయనకిస్తే చింపేస్తాడు. అందుకని రేపు పిచ్చుక చేతికే ఇస్తాను. కవరు అంటించను కూడా. చదివితే చదవనీ. ఇది నీకు అందిందంటే అది చదివి కూడా పోస్టులో వేసిందన్నమాట. అప్పుడు దాన్ని ఒక్క మాట కూడా అనకు.

మీ వదిననూ అనకు. ఇన్నేళ్ళూ ప్రతిదానికీ ఆవిడనే ఆడిపోసుకున్నాం. నేనైతే సిస్టర్ పెదవులకేసి చూస్తూ, ఆవిడ పేరే రావాలని కోరుకున్నాను. "వాళ్ళ నాన్నగారండీ, ఎంత మర్యాదగా మాట్లాడారో!" అంది సిస్టర్. కూతురి చదువు కోసం అని ఉంటాడంటావు. కావచ్చు. కానీ నిద్రలోనే, ఏ బాధా లేకుండా అన్నది అప్పటికప్పుడు తట్టే మాట కాదమ్మలూ. ఎప్పుడో అనుకుని పెట్టుకున్నదే. నేనిప్పుడు తప్పు పట్టేది ఒక్కణ్ణే, నీ తోడబుట్టిన మీ అన్నయ్యని.

ఇట్లు,
నీకు ఇంకా బతికే ఉన్న
నాన్న